పలుకు లేనివారి పలుకు



రేడియోలో ప్రసంగించువానికి ముఖము లేదు, చేతులు లేవు; ఉన్నదంతయు గొంతుకయే. అట్టి గొంతుకతో, గొంతుక లేనివారిని గూర్చి మీతో ముచ్చటింపవలసివచ్చుట నాకే వింతగా నున్నది. విజయవాడలో రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన వెలసినది మొదలు మన డెల్టా పల్లెలలో అరుగులమీద కూర్చుండి ఎన్నెన్ని ప్రసంగములో విన్నవారము. మాట యనగా గొంతుకనుండి వచ్చునదియే యని మనకొక నమ్మిక కుదిరిపోయినది. ఆ నమ్మిక నన్నెట్టి తప్పు చేయించెనో ముందు చెప్పి, పిమ్మట చరిత్రలోనికి పోయెదను.

నా మేనమామగారు రేపల్లె దాపున నొక పల్లెలో మాగాణి సాగు చేసి బ్రతికినవారు. ఒకనాటి తెల్లవాఱుజామున వారికి పక్షవాతము తగిలెను. కాళ్లుచేతులు పడిపోయెను, నోట మాట పోయెను. కొన్ని నెలలకు జావ మ్రింగుట వచ్చెను గాని మాట రాలేదు. తెనాలిలో చూచిన వైద్యుడు, "దెబ్బ మెదడు కాండమునకు తగిలినది, తెలివి చెడలేదు, మీరనునదెల్ల ఆయనకు తెలియును" అని స్పష్టముగనే చెప్పెను. వింటిమి గాని నమ్మలేదు. మంచము ప్రక్కనే నిలుచుండి ఆయన వినుచుండగనే ఆయనను గూర్చి "పాపము, ఏమీ తెలియదు" అని చెప్పుకొనుచుంటిమి.

ఆ స్థితిలో వీలునామా ప్రసక్తి వచ్చెను. కుమారులిద్దఱు, వితంతువై పుట్టినింట నున్న కుమార్తె యొక్కతె. ఆస్తి అన్నదమ్ములకు చెఱిసగము, ఆడపడుచును వారే చూచుకొందురు అని కాగితము వ్రాసి మంచముకడ చదివిరి. "నాన్నా, నీకు సమ్మతమేనా?" అని పెద్దకుమారుడడిగెను. ఆయన కన్నులు గట్టిగా మూసికొనెను. మూసిన రెప్పల క్రిందినుండి నీరు కాఱెను. "మౌనం అర్ధాంగీకారం, అవి ఆనందబాష్పములు" అని నలుగురిలో అన్నవాడను నేనే. బొటనవ్రేలు పట్టి ముద్ర వేయించిరి. సాక్షిగా నేను చేవ్రాలు చేసితిని. నలువది యేండ్లు బడిలో పిల్లలకు చరిత్ర చెప్పినవాడను. ఒక మనిషి కన్ను చెప్పుచున్నది చదువలేకపోతిని.

ఆ సంగతి అటుంచి, మనవారికి ఈ విద్య బొత్తిగా తెలియనిదా యని వెదకితిని. తెలియకేమి! వాత్స్యాయనుడు చెప్పిన అఱువదినాలుగు కళలలో అక్షరముష్టికాకథనమను నొక కళ యున్నది. వ్రేళ్లను ముడిచి విప్పి అక్షరములను సూచించుట యని దానికి పెద్దలు చెప్పు అర్థములలో నొకటి. నాట్యశాస్త్రము చేతికి, కంటికి, కనుబొమకు వేఱువేఱు భాష కల్పించినది. కూచిపూడివారు దానిని ఊరూర ఆడి చూపిరి. నేననునది మన అమృతలూరు ప్రక్కనున్న కూచిపూడి కాదు, కృష్ణకు ఆవలి కూచిపూడి. బాపట్లలో 1902లో జన్మించి తెనాలి రంగస్థలమున వెలిగిన స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషమున ఒక్క పాటపాదమునకు ఎన్ని భావములు అభినయించెడివారో మన తాతలు కథలుగా చెప్పెడివారు. టిక్కెట్టు కొని పోయి కన్నుల భాషను అంత శ్రద్ధగా చదివిన జనమే, ఇంటిలో మంచముమీది మనిషి కన్నును చదువుట కోపిక లేకపోయెను.

సైగ వేఱు, భాష వేఱు అని యొక మాట ఇచ్చట చెప్పవలెను. పుట్టుచెవిటివారు తమలో తాము చేతులతో మాటాడుకొనునది వట్టి సైగ కాదు. వ్యాకరణము గల నిండు భాష. దాని కొఱకు భారత ప్రభుత్వము 2015లో ఢిల్లీలో ఒక పరిశోధన శిక్షణ కేంద్రమును నెలకొల్పినది. మన బాపట్లలో బధిరులకు వసతితోగూడిన ప్రభుత్వ కళాశాల యున్నది. ఆ వీథిని పోవునప్పుడు ఆ పిల్లలు చేతులతో వాదించుకొనుట, వేళాకోళమాడుట చూడుడు. భాష గొంతుకకు అద్దెకున్నది కాదని తెలియును. అయితే నేను నేడు చెప్పువారు చేతులును సరిగా ఆడనివారు. వారికి సైగకును శక్తి లేదు. వారి కొఱకు లోకము కనిపెట్టిన ఉపాయముల చరిత్రయే నా విషయము.

ఈ చరిత్రలో ఒక ఘట్టము మన దేశపు న్యాయస్థానమున జరిగినది. 1885లో అలహాబాదు హైకోర్టు పూర్ణపీఠము ముందునకు ఒక హత్య కేసు వచ్చెను. గొంతు కోయబడిన యువతి యొకతె ఆసుపత్రిలో కొనయూపిరితో నుండెను. స్పృహ యున్నది, మాట లేదు. మేజిస్ట్రేటు ఒక్కొక్క పేరే చెప్పి "వీడా? వీడా?" అని యడుగగా, ఆమె చేయి కదలించి కాదనియు ఔననియు తెల్పెను. అటుపిమ్మట మరణించెను. మరణవాఙ్మూలము మాటల రూపమున నుండవలెనని చట్టము. ఆమె ఒక్క మాటయు పలుకలేదే, దీనిని వాఙ్మూలమనవచ్చునా యని ప్రశ్న. న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు అనవచ్చుననిరి. ప్రశ్నలోని మాటలను ఆమె చేయి తనవిగా చేసికొన్నదనియు, ప్రశ్నను సైగను కలిపి చూచిన అది మాటయే యనియు వారి తాత్పర్యము. 1872 నాటి సాక్ష్యపు చట్టమే మూగవాడు వ్రాతచేతగాని సైగచేతగాని సాక్ష్యమీయవచ్చుననియు, అది నోటిసాక్ష్యముతో సమానమనియు చెప్పియుండెను. చట్టమునకు నూటయేబది యేండ్లనాడు తెలిసిన సంగతి మా యింటివారికి మొన్నటివఱకు తెలియలేదు.

ఆ మేజిస్ట్రేటు చేసిన పనిలో ఒక మెలకువ యున్నది గమనింపుడు. ఒక్క పేరే చెప్పి "వీడేనా?" యని యడిగి ఊరకుండలేదు. పలు పేర్లు చెప్పి, ఆమె కాదన్నప్పుడు కాదనుట ఎట్లుండునో, ఔనన్నప్పుడు ఔననుట ఎట్లుండునో తెలిసికొనెను. మేము మామయ్యను అడిగినది ఒకే ప్రశ్న. ఆయన "ఔను" ఎట్లుండునో, "కాదు" ఎట్లుండునో మాకు తెలియనే తెలియదు.

ఫ్రాన్సుదేశపు కథకుడు అలెగ్జాండర్ డ్యూమా 1844 మొదలు పత్రికలో అచ్చు వేయించిన మాంటీ క్రిస్టో నవలలో నోర్షియే యను వృద్ధుడున్నాడు. ఆయనకు కన్నులు దక్క వేఱేమియు ఆడవు. మనుమరాలు అక్షరములు వరుసగా పలుకును. కావలసిన యక్షరమునకు ఆయన కంటితో ఆపును. పిదప ఆమె నిఘంటువు విప్పి మాట దొరకువఱకు వ్రేలు నడుపును. ఆ పద్ధతినే ఆయన పత్రములు వ్రాయువారి యెదుట వీలునామా వ్రాయించును. కథయే గదా యందురేమో. 1995 డిసెంబరులో ఆ దేశముననే ఝాఁ డొమినిక్ బోబీ యను పత్రికా సంపాదకుడు మెదడు దెబ్బచే నిట్లే పడిపోయి, ఎడమకంటి ఱెప్ప ఒక్కటి మిగులగా, తోడివారు అక్షరములు చదువుచుండ ఱెప్ప మూసి ఒక్కొక్క యక్షరమే యేఱి ఒక పుస్తకమంతయు వ్రాయించెను. 1997 మార్చిలో అది వెలువడిన కొలది దినములకే మరణించెను. వాడుకలో ఎక్కువ వచ్చు అక్షరము ముందుండునట్లు వారు ఆ భాషయక్షరముల వరుసను మార్చుకొనవలసివచ్చెను.

మన యక్షరమాలకు ఆ చిక్కు లేదు. ఇది నాకు మామయ్య మనుమరాలివలన తెలిసినది. బాపట్లలో చదువుకొనుచుండిన ఆ పిల్ల సెలవులకు వచ్చి, తాతగారి ముఖము చూచి, పాత క్యాలెండరు అట్ట వెనుక గళ్లు గీసెను. ముందుగా తాత చెంత కూర్చుండి, "తాతయ్యా, ఔనంటే పైకి చూడు, కాదంటే కళ్లు మూసుకో" అని చెప్పి, జవాబు తనకు తెలిసిన ప్రశ్నలే యడిగెను: "నీ ఊరు తెనాలా?" కన్నులు మూతపడెను. "రేపల్లె దగ్గరా?" కన్నులు పైకి లేచెను. "నేను నీ కూతుర్నా?" మూతపడెను. అది చూచిన నాకు వెన్నులో చలి పుట్టెను. మూసిన కన్నులు "కాదు" అనుటకు ఆమె నేర్పిన గుఱుతేనా, లేక ఆయన సహజముగ చేయుచుండినదే ఆమె పట్టుకొన్నదా యని యడిగితిని. "తాతయ్య మొదటినుంచీ అంతే మామయ్యా, గంజి వద్దంటే కళ్లు మూసుకుంటాడు, అత్తకి తెలుసు" అనెను. ఆ ఆడపడుచు నాలుగు నెలలుగా ఆ గుఱుతు నెఱుగును. వీలునామానాడు ఆమెను లోపల నుంచిరి.

ఇక అట్ట సంగతి. మొదటి వరుస అచ్చులు. రెండవది క, ఖ, గ, ఘ, ఙ. పిదప చ వర్గము, ట వర్గము, త వర్గము, ప వర్గము. క్రింద య ర ల వ, ఆ క్రింద శ ష స హ ళ. ఆమె వ్రేలితో వరుసలు చూపుచు పోవును. తాత పైకి చూచిన వరుసలో ఆగి, అందలి యక్షరములు ఒక్కొక్కటే చూపును. ఏబది గదులు ఒకటొకటిగ తడుముట తప్పి, ఏడెనిమిది వరుసలు, వరుసకు అయిదక్షరములు చూచిన చాలును. పాణినికి పూర్వమే మనవారు స్థానమునుబట్టి అక్షరములను వర్గములుగా కూర్చి పెట్టినది ఈ పని కొఱకే యనిపించునంతగా అమరినది.

గుణింతములు, ఒత్తులు ఎట్లు? అన్నియు గీసిన అట్ట కాదు, చాప కావలెను. అందుచే ఆమె పొల్లుహల్లు ముందు, అచ్చు తరువాత అను నియమము పెట్టెను. అకారమైనను చూపియే తీరవలెను. అప్పుడు నాకు భట్టిప్రోలు జ్ఞప్తికి వచ్చెను. తెనాలినుండి రేపల్లె పోవు రైలులో మీరెల్లరు దాటిన ఊరే యది. అచ్చటి స్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వకము చేసి ధాతుకరండములను, వానిపై శాసనములను బయలుపఱచెను. క్రీస్తుపూర్వపు ఆ లిపిని చదివిన బ్యూలర్ పండితుడు ఒక విశేషము గమనించెను. తక్కిన బ్రాహ్మిలో హల్లు వ్రాసిన అకారము దానిలోనే యున్నట్లు లెక్క. భట్టిప్రోలు వ్రాయసకాడు అకారమునకు గూడ ఒక గీత గీసెను. ఆ ఊరికి కొలది క్రోసుల దూరమున, రెండువేలయేండ్లకు పైబడి గడచిన పిదప, ఒక చిన్నది మంచముమీది తాత కొఱకు అదే త్రోవ త్రొక్కెను. చరిత్ర చెప్పుకొని బ్రతికినవానికి ఇంతకంటె సంతోషమేమున్నది? ఇది కేవలము నా చాదస్తమని మీరన్నను ఒప్పుకొందును.

తాత మొదట ఏమి చెప్పునో యని ఇంటిల్లిపాది చేరిరి. ఉ అనెను. ప్ అనెను. మరల ప్. మరల ఉ. ఉప్పు! రక్తపుపోటని నాలుగు నెలలు చప్పిడి జావ పోసితిమి. అందఱును నవ్విరి, ఆయనయు శబ్దము లేకుండ నవ్వెను. ఆనాడు నాకు ఆయన మరల బ్రతికినట్లు తోచెను.

ఇట్టి అట్టకడ కూర్చుండువానికి అవధానిలో ఉండవలసిన గుణమొకటి కావలెను. అష్టావధానమున వ్యస్తాక్షరి మీరు చూచియుందురు. పృచ్ఛకుడు ఒక వాక్యములోని యక్షరములను వరుస తప్పించి అప్పుడొకటి అప్పుడొకటి యిచ్చును. అవధాని వానిని మనసున నిలుపుకొని, చివర వాక్యము పూర్తిగా చెప్పును. నడుమ తొందరపడి ఊహించి చెప్పిన అవధానము చెడును. ఇచ్చటను అంతే. రెండక్షరములు రాగానే "ఓహో, మందా? మంచినీళ్లా?" యని మీద పడువారే ఎక్కువ. తప్పుడూహకు కాదని చెప్పుటకే అవతలివానికి ప్రాణము విసుగును, విసిగి ఊరకుండును, ఊరకున్న మనము సమ్మతి యందుము. అందుచే ఒక్కొక్క యక్షరము కాగితముమీద వ్రాసికొని, మాట ముగిసిన పిదప చదివి వినిపించి, ఔనా యని యడుగుట మేలని ఆ పిల్ల మాకు నేర్పెను.

అక్షరములు రానివారు, పసిపిల్లలు, పక్షవాతముచే మాటల పొందికయే చెదరినవారు ఏమి చేయవలెను? వారికి బొమ్మలు. దీని వెనుక ఒక గొప్ప కథ యున్నది. ఛార్లెస్ బ్లిస్ అను నతడు 1897లో నాటి ఆస్ట్రియా రాజ్యమున జన్మించెను. పలుభాషలవారు ఒకరి నొకరు ద్వేషించుకొను పట్టణమున పెరిగెను. నాజీల చెఱలలో మ్రగ్గి, విడుదలై షాంఘై చేరెను. అచ్చట చీనావారి వ్రాతను చూచి, లోకమంతకు ఒకే చిత్రలిపి యుండిన మాటలవలన వచ్చు వైరములు తగ్గునని తలచి, ఏండ్లకేండ్లు శ్రమపడి దానిని కల్పించి 1949లో ఆస్ట్రేలియాలో పుస్తకము వెలువరించెను. లోకమెవ్వరును పట్టించుకొనలేదు. 1971లో కెనడాలోని టొరాంటో నగరమున, అవయవములు స్వాధీనము కాని పిల్లల కేంద్రములో షర్లీ మెక్నాటన్ అను ఉపాధ్యాయురాలు, ఆమె తోడివారు ఆ లిపిని కనుగొని, మాటరాని పిల్లల యెదుట పలకగా పెట్టిరి. అంతవఱకు ఔను కాదు తప్ప చెప్పలేని పిల్లలు ప్రశ్నలడుగ మొదలిడిరి. దేశముల కొఱకు చేసిన భాష పిల్లల పాలయ్యెను. ముదుసలి బ్లిస్ మొదట పొంగిపోయి, పిమ్మట తన గుఱుతులను మార్చిరని వారితో పెద్ద తగవు పడెను. తండ్రులు పిల్లలపై పడు తగవువంటిదే యది.

మన దేశమున 1972లో బొంబాయిలో మిథూ ఆలూర్, 1974లో కలకత్తాలో సుధా కౌల్, 1985లో చెన్నపట్టణమున పూనమ్ నటరాజన్ అను విదుషీమణులు మెదడు దెబ్బచే కాలుసేతులు, మాట స్వాధీనము కాని పిల్లల కొఱకు సంస్థలు నెలకొల్పిరి. మన సికిందరాబాదులో బుద్ధిమాంద్యము గలవారి జాతీయసంస్థ 1984లో వెలసెను. ఆ చెన్నపట్టణముననే అజిత్ నారాయణన్ అను ఇంజనీరు, అచ్చటి పిల్లల అక్కఱ చూచి, బొమ్మ తాకిన మాట పలుకు 'ఆవాజ్' అను యంత్రమును 2010 ప్రాంతమున సిద్ధము చేసెను. విదేశపు యంత్రములు సామాన్యులు కొనరాని వెల. ఇది వానికంటె చవుక. ఇప్పుడు చేతిఫోనులో, పలకఫోనులో ఇట్టి పనిముట్లు పెక్కు వచ్చినవి. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్ 1985లో చికిత్సవలన గొంతు పోగొట్టుకొని, మొదట అక్షరముల అట్ట ముందు కనుబొమ లెత్తుచు, తరువాత యంత్రముచేతను మాటాడి, 2001లో బొంబాయి వచ్చి ప్రసంగించి పోయెను. యంత్రపు గొంతుకను విన్నవారు అది ఆయన గొంతుక కాదనలేదు.

యంత్రము లున్నవి గాని, వానికంటె ముందు ఇంటివారి మనసున నున్న యొక భయము పోవలెను. బాపట్లలో మా చుట్టముల పిల్లవాడొకడున్నాడు. పుట్టుకలో మెదడునకు దెబ్బ తగిలినవాడు; ఆరవయేట గూడ మాట లేదు. బొమ్మల పుస్తకము పెట్టుడని చెప్పగా వాని తల్లి, "బొమ్మలు అలవాటైతే ఇక నోరు తెఱవడేమో బాబాయిగారూ" అని దిగులుపడెను. సహజమైన భయమే. కాని 2006లో అమెరికా పండితులు అంతకుముందు జరిగిన పరిశోధనలు ఏఱి చూచినప్పుడు, గట్టి ఆధారము గల 27 మందిలో ఒక్కనికిని ఉన్న మాట తగ్గలేదని తేలెను. పెక్కురికి కొంత పెరిగెను. ఇది చెప్పితిని. ఆమె పుస్తకము కుట్టెను: అన్నము, నీళ్లు, అమ్మ, బంతి, నొప్పి, వద్దు, ఇంకా. వారములు గడచిన పిదప వాడు ఎక్కువగా చూపుచున్నది "వద్దు" అను బొమ్మ యని నవ్వుచు చెప్పెను. నాకదియే మంచి గుఱుతనిపించెను. వద్దనుటకు వీలులేనివాడు కావలెననినను దానికి విలువ యెక్కడిది?

2016లో మన పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము 'సంభాషణ' మనగా నేమో చెప్పుచు, నోటిమాటతోపాటు సైగభాషను, స్పర్శను, మాటకు తోడగు పద్ధతులను, మాటకు బదులగు పద్ధతులను గూడ చేర్చినది. ఊరిలో పంచాయతి కూర్చుండినను, పింఛను కాగితము వచ్చినను, చీటిపై వ్రేలిముద్ర పడినను, మాటలేనివాని నడుగక వాని ప్రక్కవాని నడుగుట మన వాడుక. పెద్దలు మీరు ముందు కూర్చుండువారు గనుక మీకు చెప్పుచున్నాను: ప్రశ్న వానినే చూచి యడుగుడు, జవాబు వచ్చువఱకు కాచుకొనుడు. మా మామయ్యకు ఒక్క మాటకు మూడు నాలుగు నిమిషములు పట్టెడిది. పదిమంది నిలుచుండిన చోట ఆ నాలుగు నిమిషములు ఎంత పొడుగో కూర్చుండిన గాని తెలియదు.

ఉప్పు మాట వచ్చిన మూడవనాడు ఆయన మరల అట్ట కొఱకు కన్నులు త్రిప్పెను. ఆ సాయంకాలము కొంత, అలసట చేత మఱునాటి యుదయము కొంత, అయిదు మాటలు వచ్చినవి. "పెంకుటిల్లు దొడ్డి అమ్మాయికి. మళ్లీ రాయండి." పెద్దకుమారుడు, పిల్ల తనకు తోచినది చెప్పించుచున్నదనెను. అది న్యాయమైన సందేహమే. అడ్డగించువాని మాటగా కొట్టివేయరాదు. అందుచే ఆ పిల్లను లేపి, వేఱొక పొరుగూరి ఉపాధ్యాయుని పిలిచి, సంగతి చెప్పక అట్టయు నియమమును మాత్రము చేతికిచ్చితిమి. "ఇల్లు ఎవరికి?" అని యడిగించితిమి. మేమెల్లరము అరుగుమీద కూర్చుంటిమి. గంటసేపటికి ఆయన కాగితము తెచ్చెను. "అమ్మాయికి" అని యుండెను. క్రింద, అడుగకయే చెప్పినది, నా పేరు. దాని ప్రక్క "తప్పు" అని యుండెను.

వీలునామా తిరిగి వ్రాయబడినది. పెద్ద బావ నాతో ఒక సంవత్సరము మాటాడలేదు. మామయ్య ఆ పిదప రెండు సంక్రాంతులు చూచి వెళ్లిపోయెను. అట్టను కొక్కెమునుండి తీసివేయవలెనన్నచో వదినెగారు ఒప్పుకొనలేదు. నిరుడు ఊరి పడమటి వాడలో ఒకరికి ఇట్లే మాట పడిపోగా, ఆమెయే దానిని గోడమీదినుండి దింపి, దుమ్ము తుడిచి తీసికొనిపోయినది. ప వర్గపు వరుసలో వ్రేలు తగిలి తగిలి ఒక గడి చెఱిగిపోయియుండగా, ముందు దానిని బొగ్గుతో దిద్దుకొని మఱి వెళ్లినది.